మారని మాటల సాక్ష్యము – భద్రిరాజు కృష్ణమూర్తిగారి భాషాగణనము

మన సంఘముల ప్రత్యేక సంచికలలో కవులను గూర్చియు, నాటకసమాజములను గూర్చియు, పూర్వపు జమీందారుల విద్యాపోషణమును గూర్చియు వ్యాసములు వచ్చుట వాడుక. భాషాశాస్త్రజ్ఞుని గూర్చిన వ్యాసము అరుదు. అందుకు కారణము లేకపోలేదు. పద్యము విన్నవెంటనే మనసునకు తగులును. భాషాశాస్త్ర గ్రంథమును తెరచినచో అక్షరములపై చుక్కలు, అడ్డగీతలు, పట్టికలు కానవచ్చును. సామాన్య పాఠకుడు పుస్తకమును మూసివేయును. అయినను ఆ పట్టికలలో మన యింటి సంగతి కూడ కలదని తెలిసినప్పుడు ఓపిక తెచ్చుకొని చదువవలసియున్నది.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు మరి యిద్దరితో కలసి 1983లో ప్రకటించిన యొక పరిశోధనవ్యాసమును, దానికి ముందువెనుకలనున్న వారి కృషిని, దాని ఫలితమును ఇక్కడ విచారింప దలచితిని. ఆ వ్యాసము ఆరు భాషలను గూర్చినది. ఆ ఆరింటిలో కుయి, కువి, పెంగో, మండ యను నాలుగు ముఖ్యముగా మన ఒడిశాలోనివి. కుయి మన గుంసూరు కొండలలోని కంధుల భాష. ఒకప్పుడు గంజాం మన్యములో చేరియుండి నేడు కంధమాల్ జిల్లాగానున్న ప్రాంతమున దానిని మాటలాడువారు అధికము. 2011 జనాభా లెక్కలలో కుయి తమ మాతృభాషయని చెప్పినవారు 9 లక్షలకు పైబడి యున్నారు. పసుపు, చింతపండు, అడ్డాకులు అమ్మవచ్చు ఆ జనులను బరంపురములో మనము తరతరములుగా చూచుచున్నాము. వారి భాషకును మన భాషకును గల చుట్టరికమెంతటిదో మనలో చాలమంది ఎన్నడును అడుగలేదు.

కృష్ణమూర్తిగారు 1928 జూన్ 19న ఒంగోలులో జన్మించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు చదివి, అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి 1957లో డాక్టరు పట్టము పొందిరి. 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రశాఖను నెలకొల్పిరి. 1986 మొదలు 1993 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. 2012 ఆగస్టు 11న స్వర్గస్థులైరి. వారి గ్రంథములలో తెలుగు ధాతువులను గూర్చిన 1961 నాటి గ్రంథము, కొండభాషకు వ్రాసిన 1969 నాటి వ్యాకరణము, జె.పి.ఎల్. గ్విన్‌తో కలసి వ్రాసిన ఆధునికాంధ్ర వ్యాకరణము (1985), కేంబ్రిడ్జివారు ప్రకటించిన ద్రావిడభాషల గ్రంథము (2003) ముఖ్యములు. కంప్యూటరుతో పనిచేయుటయే వృత్తిగా గలవారిని నేడు గణన భాషాశాస్త్రజ్ఞులందురు. కృష్ణమూర్తిగారు ఆ వర్గమువారు కారు. వ్యాకరణపు బడిలో పెరిగిన పండితులు. అయినను తెలుగువారిలో భాషాచరిత్రపు చిక్కును యంత్రమునకు అందునట్లు అడుగనేర్చిన తొలివారిలో వారిని లెక్కింపవలెను.

మొదట తెలుగు స్థానమును గూర్చిన సంగతి. కాల్డ్వెల్ 1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిన నాటినుండి తెలుగు, తమిళ, కన్నడ, మలయాళములు ఒక కుటుంబమువని లోకమునకు తెలిసినది. ఈ నాలుగును గొప్ప సాహిత్యము గలవి గనుక ఇవియే పరస్పరము దగ్గరి బంధువులని సామాన్యజనుల తలంపు. కృష్ణమూర్తిగారు 1961 నాటి గ్రంథములో తెలుగును గోండి, కొండ, కుయి, కువి మొదలగు భాషలతో నొక్క శాఖలో చేర్చిరి. తరువాత ఆ శాఖకు దక్షిణ-మధ్య ద్రావిడమను పేరు స్థిరపడినది. అనగా పుట్టుకను బట్టి చూచినచో తెలుగునకు తమిళముకంటె కంధుల కుయి దగ్గర. కావ్యములు కలిగిన భాషకు కావ్యములు కలిగిన భాషయే చుట్టమని తలచుట లోకరీతి. శాస్త్రము లోకరీతిని లెక్కచేయలేదు.

ఈ నిర్ణయమునకు ఆధారమైన గుర్తులలో నొకటి మాత్రము చెప్పెదను. 1983 నాటి వ్యాసమంతయు దానిపై నిలిచియున్నది. పూర్వద్రావిడమున ర, ల, ళ, ట మొదలగు నాలుకకొనతో పలుకు ధ్వనులు మాటకు మొదట వచ్చెడివి కావు. తమిళుడు నేటికిని ‘ఇరండు’ అనును; మనము ‘రెండు’ అందుము. అతనికి ‘ఉరల్’, మనకు ‘రోలు’. అతనికి ‘ఇళ’, మనకు ‘లేత’. అతనికి ‘ఉళ్’, మనకు ‘లో’. అతనికి ‘మరం’, మనకు ‘మ్రాను’. లోపలనున్న ధ్వని అచ్చును దాటి ముందునకు దుమికినది. దీనిని వర్ణవ్యత్యయమని మన వ్యాకరణములు చెప్పును. లోకములోని భాషలలో ఇట్టి మార్పు ఇంత విరివిగా జరుగుట అరుదు. ఇది తెలుగులో జరిగినది. కొండలలోని ఈ ఆరు భాషలలోను జరిగినది. గోండిలో రెంటికి ‘రండ్’, కొండభాషలో ‘రుండి’, కుయిలో ‘రీ’. ఇట్టి అరుదైన మార్పు వీనియన్నిటియందును కానవచ్చుటచే ఇవి యొక్క ఇంటివని తలచుటకు బలము చేకూరినది.

చిక్కు ఇచ్చటనే పుట్టినది. ఈ మార్పు అన్ని మాటలలోను జరుగలేదు. చెట్టునకు కుయిలో ‘మ్రహ్ను’ అందురు, ధ్వని దుమికినది. కొండభాషలో అదే మాట ‘మరన్’. ధ్వని పాతచోటనే యున్నది. తలకు కుయిలో ‘త్లౌ’ అందురు. తెలుగులోను కొండభాషలోను ‘తల’ తలగానే నిలిచినది. ఒక భాషలో మారిన మాట మరియొక దానిలో మారలేదు. పందొమ్మిదవ శతాబ్దపు జర్మను పండితులు ధ్వనిమార్పులు నియమము తప్పక అన్ని మాటలలోను ఒక్కమారే జరుగునని బోధించిరి. 1969లో విలియం వాంగ్ అను పండితుడు దానికి భిన్నముగా, మార్పు మాటనుండి మాటకు మెల్లగా ప్రాకుననియు, కొన్ని మాటలు నడుమ మిగిలిపోవుననియు ప్రతిపాదించెను. కృష్ణమూర్తిగారు 1978లో వ్రాసిన వ్యాసమున ద్రావిడభాషలనుండి దానికి సాక్ష్యము తెచ్చిరి. మన కొండలలోని మాటలు అమెరికా పండితుల వివాదములో సాక్షులైనవి.

అటుపిమ్మట వారు అడిగిన ప్రశ్నయే నా దృష్టిలో వారి ప్రతిభకు నిదర్శనము. మార్పు సగములో ఆగిన మాటలను పూర్వపండితులు తలనొప్పిగా భావించిరి. ఆ మిగిలిపోయిన మాటలనే ఆధారముగా గొని, ఈ ఆరు భాషలలో ఏది యెప్పుడు ఎవరితో విడిపోయినదో చెప్పవచ్చునా యని కృష్ణమూర్తిగారు ప్రశ్నించిరి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు గణాంకశాస్త్రాచార్యులు లింకన్ మోజెస్, మరియు డగ్లస్ డాన్‌ఫర్త్ వారికి తోడైరి. అమెరికా భాషాశాస్త్రసంఘపు పత్రికయైన ‘లాంగ్వేజ్’ 59వ సంపుటములో వారి వ్యాసము వెలువడినది. మారని సజాతిపదములు ఉపశాఖానిర్ణయమునకు ప్రమాణమగునా యనునదే దాని విషయము.

దానిలోని తర్కమును కచేరీలో నకళ్ళు వ్రాసిన వానికి సులభముగా చెప్పవచ్చును. ఒక దస్తావేజునకు నకలు తీసితిమనుకొనుడు, ఆ నకలునకు మరియొక నకలు, దానికి ఇంకొకటి. నడుమ నొక గుమాస్తా ఒక పేరును మార్చి వ్రాసినచో అటుపై నకళ్ళన్నియు ఆ మారిన పేరునే వహించును; అసలు చూడని గుమాస్తా దానిని మరల సరిదిద్దలేడు. కాబట్టి ఎచ్చటనైన ఒక నకలులో అసలు పేరు చెక్కుచెదరక యున్నచో, దానికి పైనున్న నకళ్ళలో నొక్కదానిలోను అది మారలేదని ఖండితముగా చెప్పవచ్చును. మారిన పేరు అంతటి సాక్ష్యము నీయజాలదు. అది ఏ మెట్టున మారినదో తెలియదు, ఇద్దరు గుమాస్తాలు వేరువేరుగా ఒకే మార్పు చేసియుండవచ్చును. మారనిదే నిక్కమైన సాక్షి. ‘మరన్’ అను కొండభాషామాట తన పూర్వులందరి నోటను ఆ మాట అట్లే యుండెనని చెప్పుచున్నది. ముందునకు దుమికిన ధ్వని వెనుకకు రాదు గనుక ఈ తర్కము నిలుచును.

ఇక లెక్క. రెండు భాషలను ఒక వంశవృక్షముగా వ్రాయుటకు ఒకే విధము. మూడవ భాషను దానికి మూడు చోట్ల తగిలింపవచ్చును. నాలుగవదానికి 5 చోట్లు, అయిదవదానికి 7, ఆరవదానికి 9. వీనిని గుణించినచో వృక్షముల సంఖ్య వరుసగా 1, 3, 15, 105, 945 అగును. ఆరు భాషలకు 945 వంశవృక్షములు సాధ్యములు. ఒక్కొక్క వృక్షమును నిజమని భావించి, ఒక్కొక్క మాటకును ఆ వృక్షములో ఎన్ని మారులు వేరువేరుగా మార్పు జరిగియుండవలెనో లెక్కింపవలెను. అన్ని మాటలకును వచ్చిన మొత్తము ఏ వృక్షమునకు తక్కువయో అది సత్యమునకు దగ్గర. ఈ పనిని చేతితో చేయుట ఏండ్లపని, కంప్యూటరు చేసిపెట్టినది. యంత్రము అన్నిటికంటె మెచ్చిన వృక్షములు, పాతపద్ధతిలో పండితులు తమ వివేకముతో గీచిన వృక్షముతో పొసగినవి. రెండు వేరువేరు త్రోవల నడచిన వారు ఒకే ఊరు చేరినట్లయినది.

ఈ వ్యాసములో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచినది యంత్రము కాదు. యంత్రమునకు ప్రశ్న వేయుటకు ముందు జరిగిన యేరివేత. ఏ మాట ఏ మాటకు సజాతియో, ఏది యెరువు తెచ్చుకొన్నదో, ఏది మారుటకు వీలుగానుండియు మారనిదో నిర్ణయించుటకు మనిషి చదువు కావలెను. కొండభాషకు స్వయముగా వ్యాకరణము వ్రాసినవారు గనుకనే కృష్ణమూర్తిగారు ఆ యేరివేతకు అర్హులైరి.

ఒక పరిశోధన ప్రభావమును నేడు ఎందరు ఉదాహరించిరను సంఖ్యతో కొలుచుట విశ్వవిద్యాలయములలో పరిపాటియైనది. ఆ కొలత నాకు చాలినదిగా తోచదు. పేరు చెప్పి దాటిపోయిన పదిమందికంటె, పనిని మరల విప్పిచూచిన యొక్కడు మేలు. ఆ దృష్టితో చూచినచో 1983 నాటి వ్యాసమునకు మంచి సంతానమే కలిగినది. 2009లో తారక రామ, సుధీర్ కొలచిన, లక్ష్మీబాయి గారలు దక్షిణ-మధ్య ద్రావిడభాషల వంశనిర్ణయమునకు నవీన గణనపద్ధతులను ప్రయోగించి ‘ఇండియన్ లింగ్విస్టిక్స్’ పత్రికలో వ్యాసము ప్రకటించిరి. గురువు పనిని గౌరవించుటకు దానిని పరీక్షించుటకంటె మంచి మార్గము లేదు. కృష్ణమూర్తిగారు సైతము తమ పనిని అచ్చట ఆపలేదు. గోండి మాండలికములలో సకారము హకారమై, పిదప లోపించుటను 1998లో పరిశీలించి, మాటవెంట మాటగా ప్రాకు మార్పు కూడ తుదకు నియమబద్ధముగా ముగియగలదని చూపిరి.

2018లో కొలిపాకం విష్ణుప్రియ మొదలగు పలుదేశముల పరిశోధకులు ఇరువది ద్రావిడభాషాభేదములనుండి, ఆయా భాషలవారి నోటనే నూరేసి మాటలను సేకరించి, కుటుంబమంతటికిని వృక్షమును నిర్మింపబూనిరి. ఆరు భాషలకు 945 వృక్షములు కాగా ఇరువది భాషలకు సాధ్యములైన వృక్షముల సంఖ్య 22 అంకెలు గలది. అన్నిటిని వరుసగా చూచుట నేటి యంత్రమునకును అసాధ్యము. కనుక సంభావ్యతాగణితముతో మేలైనవానిని వెదకుదురు. వారి లెక్కలో ద్రావిడకుటుంబపు వయస్సు సుమారు 4500 ఏండ్లు. పండితులు చెప్పిన నాలుగు శాఖలును వారి లెక్కలో తిరిగి కనబడినవి. తెలుగును కుయిని ఒక్కటిగా చేర్చు శాఖ వానిలోనిది. అయితే ఆ శాఖలలో దేనికి ఏది దగ్గరయో మాత్రము నిశ్చయము కాలేదని వారు దాచక చెప్పిరి. యంత్రము పెద్దదైన కొలది గర్వము తగ్గుట మంచి శాస్త్రమునకు లక్షణము.

ఇంతవరకు గుణములు. విమర్శయనునది స్తోత్రముతో ముగియరాదు గనుక లోపములుగా నాకు తోచిన వానిని గూడ విన్నవింతును.

మొదటిది, ఆ ఆరింటిలో తెలుగు లేకుండుట. వర్ణవ్యత్యయము తెలుగులోను పుష్కలముగా జరిగినది. ఏడవ భాషగా తెలుగును చేర్చినచో వృక్షముల సంఖ్య 10,395 అగును. పని పదునొకండు రెట్లు పెరుగును. శాసనములు, కావ్యములు గల భాష గనుక తెలుగుమాటల మార్పును శతాబ్దములవారీగా కూడ చూడవచ్చును. ‘మ్రాను’ మన కండ్లయెదుటనే ‘మాను’ అయినది. ఇట్టి తేదీలు గల సాక్షిని వెలుపల నిలిపి, తేదీలు లేని ఆరుగురు సాక్షులను విచారించినట్లున్నది. కొండభాషల పరస్పరసంబంధమే ఆ వ్యాసపు లక్ష్యమగుటచే దీనిని తప్పని యనజాలము. కాని తెలుగు పాఠకునకు వెలితి.

రెండవది, చెట్టు అను ఉపమానమును గూర్చినది. వంశవృక్షములో కొమ్మలు విడిపోవును గాని మరల కలియవు. సరిహద్దున బ్రతుకు జనులకు ఈ ఉపమానము సగమే సత్యము. రాగులను మన యిండ్లలో పెద్దలు చోళ్ళందురు; బజారున మాండియా అని అడుగుదురు; పిల్లలకు రెండవదే తెలియును. కుయి మాటలాడువారును ఒడియామాటలను విరివిగా తీసికొనిరి. పుట్టుకతో వేరైన భాషలు పొరుగున నుండి ఒకదానినొకటి పోలుటను ఎమెనో పండితుడు 1956లోనే విశదీకరించెను. కృష్ణమూర్తిగారికి ఇది తెలియనిది కాదు. 1978 నాటి వారి వ్యాసములో పొరుగుభాషలకు ప్రాకు మార్పుల చర్చయు కలదు. అయినను 945 వృక్షములలో నొక్కదానియందును పొరుగిల్లు లేదు. లెక్కకు అందునట్లు ప్రశ్నను కత్తిరించినప్పుడు కొంత బ్రతుకు తెగిపోవుట తప్పదు. తెగిపోయినదేదో చదువరి గుర్తుంచుకొనవలెను.

మూడవది, యంత్రము క్రింద నున్న పునాది. కుయి మాటలు యంత్రమువరకు ఎట్లు చేరినవి? లింగం లక్ష్మాజీ యనునతడు, పేరునుబట్టి తెలుగువాడని తోచును, కుయిభాషకు వ్రాసిన వ్యాకరణప్రవేశము 1902లో కలకత్తాలో రెండవమారు ముద్రితమైనది. విన్‌ఫీల్డ్ దొర 1928లో కుయి వ్యాకరణమును, 1929లో పదకోశమును ప్రకటించెను. ఇట్టివారు సేకరించిన మాటలనే బరో, ఎమెనో పండితులు 1961లో ద్రావిడ వ్యుత్పత్తికోశములో కూర్చిరి. మండభాష సంగతి పండితలోకమునకు 1964లో గాని తెలియలేదు. అంతకు ముందే యీ లెక్క వేసియున్నచో ఆ భాష లేనట్లే. యంత్రము చూచినది కాగితమునకెక్కిన మాటలను మాత్రమే. సేకరించినవారి పేర్లు కాలక్రమమున పాదసూచికలలోనికి, ఆపై మరపులోనికి జారుచున్నవి. పర్లాకిమిడిలో నుండి సవరభాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారి శ్రమను మనమెరుగుదుము. సవర ముండాకుటుంబపు భాష గనుక ఈ లెక్కలోనికి రాలేదు. కాని ఊరూర తిరిగి మాటలు వ్రాసికొను ఆ ఓపిక లేనిదే ఏ లెక్కయు లేదు.

నాలుగవది మనకు నేరుగా తగులునది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశములను వెలువరించిరి: వ్యవసాయపు మాటలకు 1962లో, చేనేతమాటలకు 1971లో. రైతును, సాలెవానిని పండితులుగా నిలబెట్టి వారినోటి మాటను అచ్చువేసిన ఆ కోశములు మన భాషకు మహోపకారము. అయితే అవి ఆంధ్రప్రదేశ్ జిల్లాలలో జరిగిన సేకరణములు. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రములో చేరినది; కోశము ఇచ్ఛాపురము దాటలేదు. బరంపురపు పట్టుమగ్గముల యొద్ద తెలుగు మాటలాడు నేతకుటుంబములు పడుగు, పేక, నాడె, కండె మొదలగు మాటలతోపాటు మరి యే మాటలను వాడిరో, వానిలో ఒడియానుండి వచ్చినవెన్నో, శ్రీకాకుళమున మారిపోయి ఇచ్చట మారక నిలిచినవెన్నో ఆ సంపుటములలో దొరకదు. దీనికి కృష్ణమూర్తిగారిని నిందించుట న్యాయము కాదు. రాష్ట్రపు అకాడమీ రాష్ట్రపు ఖర్చుతో రాష్ట్రములో పనిచేసినది. కాని మాటలకు సరిహద్దు రాళ్ళు తెలియవు.

మనలో కొందరు పెద్దలు అనవచ్చును: కంధులతో మనకు చుట్టరికము కలిపిన ఈ లెక్కవలన మనకు వచ్చునదేమి? తెలుగు చదువు మనుమలకు అందుటయే కష్టముగానున్నప్పుడు కొండభాషల వృక్షమెవరికి కావలెను? ఈ ప్రశ్నలో బాధ యున్నది గనుక కొట్టివేయజాలను. మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు, బడిలో ఒడియాయు ఇంగ్లీషును చదువుదురు. తాత వ్రాసిన ఉత్తరమును చదువలేని మనుమలు చాలయిండ్లలో కలరు. అయినను నా సమాధానమిది. అల్పసంఖ్యాకులమైన మనము, మా భాషను చిన్నచూపు చూడవలదని పెద్దవారిని కోరుచున్నాము. మనకంటె అల్పులని మనము భావించిన కొండవారి భాషను మనము చిన్నచూపు చూచినంతకాలము ఆ కోరికకు బలము లేదు. శాస్త్రజ్ఞుడు ఏ ఉపదేశమును చేయలేదు; ‘రెండు’, ‘రీ’ అను మాటలను ప్రక్కప్రక్కన వ్రాసి చూపెను. అంతటితో సరిపోయినది.

మరియొక ఫలితము మన యింటికి సంబంధించినది. తావు విడిచి దూరమున నున్నవారి నోట పాతమాటలు నిలుచుట తరచు. మధ్యదేశమున వాడుక మారినను అంచున నున్నవారు పాతదానిని పట్టుకొని యుందురు. అది వెనుకబాటని మనలను చూచి బంధువులు నవ్వుదురు. శ్రీకాకుళమునకో విశాఖపట్టణమునకో పెండ్లికి పోయినప్పుడు ‘మీది ఒడియా తెలుగు’ అనుట మనలో ననేకులు విన్నదే. కృష్ణమూర్తిగారి తర్కము ప్రకారము ఆ మారని మాటయే చరిత్రకు నిక్కమైన సాక్షి. కాని ఆ సాక్ష్యము వ్రాతలోనికి వచ్చిననే చెల్లును. నేటి యంత్రములు భాషలను నేర్చుకొని మనుష్యులవలె బదులు చెప్పుచున్నవి. అవియు వ్రాయబడినదానినే నేర్చును. హైదరాబాదు, విజయవాడ పత్రికల తెలుగు వానికి వచ్చును. మన వీధులలోని తెలుగు ఎవరును వ్రాయనిచో రాదు. లెక్కలోనికి రాని భాష లేనిభాషతో సమానమగు దినములు వచ్చినవి.

కావున మన సంఘమువారికి నా విన్నపము చిన్నది. ఇంటికొక నోటుపుస్తకము. వంటింటిలో, మగ్గము యొద్ద, పొలమున, పెండ్లిపందిరిలో పెద్దలు వాడు మాటలను వినినవి వినినట్లు వ్రాయవలెను. ఎవరు ఏ యూరివారో, వయస్సెంతయో ప్రక్కన గుర్తింపవలెను. ఒడియామాట కలసినచో దానిని దోషమని కొట్టివేయక, కలసినదని వ్రాసి ఉంచవలెను. తెలుగులిపి రాని పిల్లలు ఒడియాలిపిలో వ్రాసినను బాధలేదు. ఇది పండితుల పని కాదు. గుమాస్తాలు, గృహిణులు, బడిపిల్లలు చేయగల పని. లక్ష్మాజీ వ్రాసినప్పుడు తన మాటలు యంత్రముల కాలమునకు పనికివచ్చునని ఊహించియుండడు. రేపు మరియొక కృష్ణమూర్తిగారు తెలుగును ఏడవ భాషగా చేర్చి లెక్క వేయునప్పుడు, బరంపురపు తెలుగు ఏ పుస్తకములో నున్నదని అడుగును. చూపుటకు మనయొద్ద పుస్తకముండవలెను.